మా అత్త కట్టని మోకు

నేను పుట్టి పెరిగింది ఆదోనిలో. మా నాన్న పత్తి ప్రెస్సులో బేళ్ళు కట్టే పనికి పోయేవాడు. దూదిని మిషన్ కింద అణచి, ఇనుప పట్టీలు బిగించి కడితే, ఆ బేలు బండి మీద నుంచి దొర్లిపడినా చెక్కు చెదిరేది కాదు. సాయంత్రం ఇంటికొచ్చాక పట్టీలు కోసుకున్న చేతులు చూపించి, "బిర్రుగా కడితేనే కట్టుడు. సడలుంటే అది కట్టినట్టు కాదు" అనేవాడు. ఆ మాట మా ఇంట్లో అందరికీ ఒంటబట్టింది. నేను జడ వేసుకున్నా, మూట కట్టినా, మంచానికి నులక లాగినా బిర్రుగానే.

అట్లాంటి నన్ను తుంగభద్ర ఒడ్డుకు ఇచ్చారు. ఎమ్మిగనూరుకు ఉత్తరంగా, ఏటి గట్టు మీద ఉండే చిన్న పల్లె. అత్తగారింట్లో ఉండేది ఇద్దరే, మా అత్త, మా ఆయన. మామ నేను రాక ముందే పోయాడు. మనుషుల్ని పుట్టిలో ఏరు దాటించడం ఆ ఇంటి బతుకుతెరువు. వెదురు బద్దలతో గుండ్రంగా, పెద్ద గంపలాగా అల్లి, బయట తోళ్ళు కుట్టినది పుట్టి. మాకు రెండు ఉండేవి. పెద్దదాంట్లో పదిమంది దాకా కూర్చోవచ్చు. అది మా ఆయన నడిపేవాడు. చిన్నదాంట్లో నలుగురు పడతారు. అది మా అత్తది. మామ పోయినప్పుడు మా ఆయన చంకలో బిడ్డ. ఆమె చీర గోచీ పోసి, మామ తెడ్డు చేతికి తీసుకుని, ఆ చిన్న పుట్టితోనే కొడుకును పెంచింది. ఆడమనిషి పుట్టి నడపడమేమిటని మొదట్లో నవ్వినవాళ్ళే, తర్వాత తర్వాత పసిపిల్లలతో దాటాలంటే ఆమె పుట్టి కోసమే కాచుకునేవాళ్ళట.

రేవుకు కొంచెం ఎగువన మూడు పెద్ద గుండ్లు వంకీ మాదిరి నీళ్ళలోకి చొచ్చుకుని ఉండేవి. ఏటి ఉరుకు ఆ గుండ్లకు తగిలి పక్కకు తిరిగిపోతుంది. వాటి వెనక నీళ్ళు కుంటలో లాగా నిలిచి ఉంటాయి. దాన్ని మేము మరుగు అనేవాళ్ళం. చిన్న పుట్టిని అయితే ఒడ్డుకు లాగి బోర్లించవచ్చు. పెద్దదాన్ని లాగాలంటే నలుగురు మనుషులు కావాలి. అందుకని జనం ఎక్కువగా దాటే రోజుల్లో రెండింటినీ ఆ మరుగులోనే కట్టి ఉంచేవాళ్ళు.

ఆ కట్టడానికి మా అత్తకు ఒక పద్ధతి ఉండేది. ఎవరూ రాసిపెట్టింది కాదు, మామకు వాళ్ళ నాయన చెప్పింది, ఆమెకు మామ చెప్పింది. మరుగులోకి వచ్చేటప్పుడు తెడ్డు ఆపేసి పుట్టిని దాని మానాన రానివ్వాలి. పుట్టిని కట్టే లావుపాటి తాడును, అదే మోకును, నీళ్ళ పక్కనుండే రాయికి కట్టకూడదు, గట్టు మీద పాతిన రాతి గుంజకే కట్టాలి. ఏ పుట్టి మోకు దానిదే, ఒక పుట్టిని తెచ్చి ఇంకో పుట్టికి తగిలించకూడదు. గుండుకూ పుట్టికీ మధ్య గడ్డిమోపు వేలాడదీయాలి, లేకుంటే తోలు రాసుకుని చిరుగుతుంది. ముడి ఎట్లుండాలంటే, తడిసి ఉబ్బినా ఒక్క గుంజుతో ఊడిరావాలి. అన్నిటికన్నా ముఖ్యం, మోకుకు రెండు నిలువుల సడలు ఇవ్వాలి. అంటే ఇద్దరు మనుషుల ఎత్తు.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో అది చూసి ఆమెను అడిగాను.

"ఇంత సడలు ఇడిస్తే పుట్టి ఊగులాడతాది కదత్తా? బిర్రుగా కడితే కదలకుండా ఉండదా?"

"ఊగనీమ్మీ. నీళ్ళు లేసినప్పుడు పుట్టి గూడా లేయల్ల. నువ్వు బిర్రుగా కట్టినావనుకో, నీళ్ళు లేస్తాయి, పుట్టి లేయలేదు. అప్పుడేమైతాది?"

"మా నాయన కట్టిన బేలు ఏనుగు గుంజినా ఊడదు."

"బేలు నీళ్ళ మింద ఉండదు కదమ్మీ" అని ఆమె నవ్వింది.

నేనూ నవ్వాను. కానీ నా మనసులో ఆమె మాట నిలవలేదు. చదువు లేని ముసలామె చాదస్తం అనుకున్నాను. నేను ఆదోనిలో ఐదో తరగతి దాకా చదివినదాన్ని. పైగా అప్పటికి హోస్పేట దగ్గర డ్యాం కట్టారు. ఇంక ఏరు మునుపటి మాదిరి పొంగదని ఎమ్మిగనూరు సంతలో అందరూ అనుకోవడం విన్నాను. మా ఆయన కూడా అట్లాగే అనేవాడు. మా అత్త మాత్రం, "ఏరు సంతకు పోయి మీ మాట ఇన్యాదా?" అని మోకు సరిచూసుకునేది.

నా పెళ్ళయిన మరుసటి ఏడు శ్రావణం. ఉరుకుంద ఈరన్న సామిని చూసుకోవడానికి అవతలి ఒడ్డు నుంచి, రాయచూరు వైపు నుంచి జనం తండోపతండాలుగా దిగారు. తల్లీకొడుకులిద్దరూ పొద్దు పుట్టినప్పటి నుంచి పొద్దు గుంకేదాకా తెడ్లు దించలేదు. మూడో రోజుకు మా అత్తకు జ్వరం వచ్చింది. ఆ రోజు సాయంత్రమే మేమిద్దరం ఉరుకుందకు పోవాలి. పిల్లల కోసమని మా అమ్మ మొక్కుకుంది, ఆ మొక్కు తీర్చుకోవాలి. పక్కింటివాళ్ళ ఎద్దుల బండిలో చోటు మాట్లాడుకున్నాం.

ఎండ వాలుతుండగా మా ఆయన ఆఖరి జనాన్ని దించి, రెండు పుట్లనూ మరుగులోకి తెచ్చి, మోకులు నా చేతికిచ్చాడు. "అమ్మను పిలిసి కట్టించు. నేను బండి కాడికి పోతాండా" అని గట్టెక్కి వెళ్ళిపోయాడు.

నేను ఇంటికి వెళ్ళాను. మా అత్త గొంగడి కప్పుకుని పడుకుని ఉంది. నన్ను చూసి లేవబోయింది. చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది.

"నువ్వు పండుకో అత్తా. నేను కట్టొస్తాలే."

"గుంజకు కట్టు. సడలెంత ఇడుస్తావు?"

"రెండు నిలువులు. ఎన్నిసార్లు సెప్తావు?"

"గడ్డిమోపులు మరువద్దు" అని ఆమె మళ్ళీ తల వాల్చింది.

ఇంతవరకూ నాలో తప్పు లేదు. జ్వరంతో ఉన్న మనిషిని లేపకుండా పని అందుకున్నాను. తప్పంతా మరుగు దగ్గర జరిగింది. అక్కడికి పోయేసరికి పైన బండి దగ్గర నుంచి నన్ను పిలుస్తున్నారు. గుంజ దాకా మోకు లాక్కుపోవాలంటే బురదలో దిగి, గట్టు ఎక్కాలి. నేను కొత్త చీర కట్టుకుని ఉన్నాను. నీళ్ళ పక్కనే చేతికందేటట్టు ఒక మొనదేలిన రాయి ఉంది. పెద్ద పుట్టి మోకును దానికి చుట్టి, మా నాన్న చెప్పినట్టు బిర్రుగా బిగించి, ముడి మీద ముడి వేశాను. మూర కన్నా ఎక్కువ సడలు లేదు. చిన్న పుట్టిని తెచ్చి పెద్దదాని అంచుకు తగిలించాను. గడ్డిమోపులు ఒడ్డునే ఉన్నాయి. రెండు పుట్లూ కదలకుండా నిలబడ్డాయి. చూసి నాకు గర్వంగా కూడా అనిపించింది. ఇదీ కట్టడమంటే అనుకుని బండి ఎక్కాను.

మరునాడు మధ్యాహ్నానికి తిరిగి వచ్చాం. ఊర్లోకి రాకముందే ఏటి చప్పుడు వినిపించింది. మా వైపు చినుకు పడలేదు, పైన యాడో కొండల్లో కురిసింది. నీళ్ళు ఎర్రగా, గట్టు సగం దాకా ఎక్కి ఉన్నాయి. ఊరి జనం రేవు దగ్గర గుంపుగా నిలబడ్డారు. మా ఆయన బండి దిగి పరుగెత్తాడు. వెనకనే నేను.

మోకు తెగిన పెద్ద పుట్టిని ఊరివాళ్ళు గట్టు మీదికి లాగి పెట్టారు. దాన్ని పుట్టి అనడానికి లేదు. ఒక పక్క బద్దలన్నీ విరిగి లోపలికి పొడుచుకున్నాయి. తోలు అడ్డంగా చీలి వేలాడుతోంది. నీళ్ళు లేచేకొద్దీ మోకు దాన్ని లేవనివ్వక ఒకపక్క కిందికి లాగింది. అటు నుంచి నీళ్ళు నిండి మునిగింది. మునిగినదాన్ని ఉరుకు గుండుకేసి కొట్టింది. చిన్న పుట్టి దాని అంచు తెంచుకుని ఎటో పోయింది.

మా అత్త ఆ పక్కనే రాయి మీద కూర్చుని ఉంది. తల నుంచి కాళ్ళ దాకా తడి. ఆమె ఒళ్ళో కొడవలి. తెల్లవారి చప్పుడుకు లేచి వచ్చి, జ్వరంతోనే నడుముల లోతు నీళ్ళలో దిగి, మోకు కోయబోయిందట. నేను వేసిన ముళ్ళు నీళ్ళ అడుగున ఉన్నాయి. అందలేదు. ఊరివాళ్ళు ఆమెను పట్టి పైకి లాగారు.

మా ఆయన పుట్టి చుట్టూ ఒకసారి తిరిగాడు. గట్టు మీది గుంజకు మోకు లేదు. తెగిన ముక్క ఒకటి ఇంకా పుట్టి అంచునుంచి వేలాడుతోంది. అది చేత్తో పట్టుకుని, "ఎవురు కట్టినారు దీన్ని ఇట్ల?" అన్నాడు.

నా చేతిలో ఈరన్న ప్రసాదం ఉంది. నోరు తెరవబోయాను. తెరవబోయాననే ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. కానీ నిజం చెప్పాలంటే తెరవబోలేదు కూడా. ఊరంతా చూస్తోంది.

"నేనే కట్టినా" అంది మా అత్త. "జరం కదప్పా. గట్టెక్కలేకపోతి. నీళ్ళ పక్క రాయికే సుట్టినా."

ఆయన నా వైపు కూడా చూడలేదు. తల్లి చెప్పిందే నమ్మాడు. "ఇంత వయసొచ్చి, నాకు నేర్పినదానివి నువ్వే ఇట్ల సేస్తే ఎట్లమ్మా?" అన్నాడు.

ఆ సాయంత్రం ఆమెకు గంజి తాగిస్తూ అడిగాను. "ఏమిటికి అట్ల సెప్పినావత్తా?"

"వానికి నా మింద కోపమొస్తే నాల్గు దినాలుంటాది. నీ మింద వస్తే కాపరంలో ఉండిపోతాది. కొత్త కాపరం మీది."

"నేను సెప్పేస్తా."

"నీ ఇష్టం. నేనయితే సెప్పుమనను, సెప్పొద్దనను" అని ఆమె గోడ వైపు తిరిగింది.

నేను చెప్పలేదు. రేపు చెబుదాం అనుకున్నాను. రేపు ఆయన కోపం చల్లారాక అనుకున్నాను.

చిన్న పుట్టి వారం తర్వాత దిగువన ఒక ఊరి ఇసుకలో దొరికింది. పెద్దది మళ్ళీ చేయించే స్తోమత మాకు లేదు. మా ఆయన ఆదోనికి పోయి, మా నాన్న పని చేసే ప్రెస్సులోనే హమాలీగా చేరాడు. పోతూ తల్లితో, "చిన్న పుట్టి నువ్వు నడుపు, నేను పత్తి కాలం అయినంక వస్తా" అనే అన్నాడు. అప్పటికి ఆయన కోపం నిజంగానే తగ్గింది. మా అత్త లెక్క తప్పలేదు. ఆమె లెక్కకు రానిది ఊరు.

జ్వరం తగ్గాక ఆమె మొదటిసారి రేవుకు పోయిన పొద్దున నేనూ నీళ్ళకని కడవతో వెంట పోయాను. అవతలి ఒడ్డుకు పోవలసినవాళ్ళు ఐదారుమంది నిలబడి ఉన్నారు. పక్క ఊరి నుంచి ఒకాయన అప్పటికే తన పుట్టి తెచ్చి పెట్టుకున్నాడు. మా అత్త తెడ్డు పట్టుకుని తన పుట్టిలో కూర్చుంది. ఎవరూ కదల్లేదు. చివరికి చంటిబిడ్డతో ఉన్న ఒకామె, మా ఇంటి పక్కామే, చెప్పలేక చెప్పింది.

"ఏమనుకోవద్దు పెద్దమ్మా. కట్టేది మరిసినదానివి, నడిపేది గూడా మరుస్తావేమోనని బయంగా ఉంది."

మా అత్త ఆమెకేసి చూసింది. తర్వాత నా వైపు చూసింది. ఆ చూపులో నన్ను అడగడం లేదు, తిట్టడం లేదు. నేను అక్కడ ఉన్నానా లేనా అని చూసినట్టుంది, అంతే. నేను నాలుగు అడుగుల దూరంలో ఉన్నాను. "ఆ పొద్దు కట్టింది ఆమె కాదక్కా, నేను" అని రెండు ముక్కలు చాలు. కడవ ముంచాను. నిండింది. తలకెత్తుకుని ఇంటికి వచ్చేశాను.

మొదటిసారి నోరు రాకపోవడం భయం. అది ఎవరికైనా వస్తుంది. ఈ రెండోదాన్ని ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇంకో నాలుగు రోజులు ఆమె రేవుకు పోయి కూర్చుంది. ఐదో రోజు తెడ్డు తెచ్చి వసారాలో మూలకు పెట్టింది. పక్క ఊరాయనే మా చిన్న పుట్టిని కూడా నడిపి, వచ్చినదాంట్లో మాకింత ఇచ్చేవాడు. మా ఆయన పత్తి కాలం ముగిసి వచ్చేసరికి ఊరు ఆయనకు అంతా చెప్పి ఉంది. ఆయన తల్లి ముందు నిలబడి, "ఇంక నువ్వు రేవుకు రావద్దులేమ్మా. ఇంట్లో కూసో. మోకు గూడా ముట్టద్దు" అన్నాడు. కోపంగా కాదు, జాలిగా అన్నాడు. ఆమెకు అదే ఎక్కువ తగిలిందనుకుంటాను. మూలనున్న తెడ్డును ఆయన తీసుకుపోతుంటే తల పక్కకు తిప్పుకుంది.

ఆమె అనుకున్నది నాలుగు రోజులు. అది ఆమె ఉన్నంత కాలం అయింది.

రెండేళ్ళకు మేము ఇంకో పెద్ద పుట్టి చేయించుకున్నాం. మరుగులో కట్టే పని నా మీద పడింది. అప్పుడు నేను మా అత్త దగ్గర కూర్చుని మొదటి నుంచి నేర్చుకున్నాను. ఆమె ఏటికి రాదు కాబట్టి ఇంట్లోనే, వసారా గుంజకు మోకు కట్టి చూపించేది. తడి చేసి మళ్ళీ విప్పించేది. "నీళ్ళ అంచున ఒక రాయి పెట్టు. అన్నం తిని మల్లా పోయి సూడు. రాయి మునిగింటే సడలు పెంచు" అని ఇంతకు ముందు చెప్పనిది ఒకటి చెప్పింది. నేను వేసిన ముడిని వేళ్ళతో తడిమి చూసి, బాగుంటే ఊ అనేది. ఒక్కసారి కూడా, ఆ రోజు ఇట్లా కట్టి ఉంటే అని అనలేదు. అని ఉంటే ఏడ్చి అయినా బయటపడేదాన్నేమో.

తర్వాత వరదలు రెండు మూడు వచ్చాయి. మా పుట్లకు గీత పడలేదు. "ఆదోని పిల్ల అయినా ఏటిని బాగా తెలుసుకునింది. అత్త కన్నా కోడలు మేలు" అని రేవులో అనేవాళ్ళు. ఒకసారి ఆ మాట మా ఇంటి ముందే అన్నారు. లోపల మా అత్త చాటలో జొన్నలు చెరుగుతోంది. చెరుగుడు ఆగలేదు.

ఒక చలికాలం ఆమెకు దగ్గు పట్టుకుని వదల్లేదు. పదిహేను రోజులు మంచంలో ఉండి చనిపోయింది. ఆ పదిహేను రోజులూ నేను పక్కనే ఉన్నాను. ఈ పొద్దు చెబుతా, కొడుకును పిలిచి ఆమె ముందరే చెబుతా అనుకుంటూనే ఉన్నాను. ఆమెకు మాట పడిపోయాక ఇంక చెప్పి ఆయాసపెట్టడం ఎందుకని నాకు నేను సర్ది చెప్పుకున్నాను.

దినాలు అయిపోయిన మరునాడు మా ఆయన వసారాలో కూర్చుని తెడ్డుకు నూనె రాస్తున్నాడు. నేను ఎదురుగా కూర్చుని చెప్పేశాను. కొత్త చీర, రాయి, ముళ్ళు, రేవులో కడవ, అన్నీ. ఆయన చెయ్యి ఆగింది.

"ఆయమ్మ సచ్చినంక సెప్తాండావా?"

ఆయన నూనె గిన్నె పక్కకు జరిపాడు.

"నువ్వు సేసింది నువ్వు సేసినావు. అది పోనీ. నేను ఆయమ్మను ఇంట్లో కూసోమంటి. ఆయమ్మ తెడ్డు నేను ఎత్తుకపోతి. అది నాతో సేపిస్తివి కదమే."

ఇంతకు మించి ఆయన ఆ రోజు గానీ తర్వాత గానీ ఏమీ అనలేదు. కొట్టలేదు, పుట్టింటికి పొమ్మనలేదు. మా అత్త భయపడినట్టు కాపురం ఏమీ చెడలేదు. పిల్లలు పుట్టారు. అదే నన్ను ఎక్కువ కోసింది. చెబితే ఇంతేనా అయ్యేది, ఆ మొదటి రోజే చెప్పినా ఇంతేనేమో అని.

ఆ తర్వాత ఆయనకు ఒక అలవాటు వచ్చింది. పుట్టిలో పాతవాళ్ళు ఎవరైనా ఎక్కితే, ఏటి నడిమికి వచ్చాక, "ఆ శ్రావణంలో పుట్టి పగిలింది కదా, అది కట్టింది మా అమ్మ కాదు" అని చెప్పేవాడు. ఎవరు కట్టారో చెప్పేవాడు కాదు. చాలామందికి ఆ సంగతే గుర్తులేదు. "ఏ పుట్టప్పా? ఎప్పుడు?" అని అడిగేవాళ్ళు. ఆయన మళ్ళీ మొదటి నుంచి చెప్పుకొచ్చేవాడు.

ఒకనాడు ఆ మాట చెబుతున్నప్పుడు నేనూ పుట్టిలో ఉన్నాను. నా పక్కన ఎమ్మిగనూరు నుంచి గొంగళ్ళు అమ్ముకోను పోతున్న ఒకామె కూర్చుని ఉంది. ఆమె మా ఊరిది కాదు, మా అత్తను ఎన్నడూ చూసింది కాదు. ఊరికే, మాట కలపడానికి, "మరి ఎవురు కట్టినారంట?" అని నన్ను అడిగింది.

"నేనే" అన్నాను.

మా ఆయన తెడ్డు వేస్తూనే ఉన్నాడు. ఆమె "అట్లనా" అని, గొంగళ్ళ మూట ఒళ్ళోకి లాక్కుని, "ఆ గట్టున రాయచూరు బస్సు ఉందేమో కనపడతాందా సూడక్కా" అంది. నేను చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాను. బస్సు ఇంకా రాలేదు. అదే చెప్పాను.